నలభై ఒకటి దగ్గర

అంకె నలభై ఒకటి దగ్గర మళ్ళీ ఆగింది. అరవై మూడింటిలో నలభై ఒకటి. ఇంతకు ముందు రెండుసార్లూ అక్కడే ఆగింది, ఇది మూడోసారి. సాఫ్ట్‌వేర్ పేరున్న చతురస్రం తెర మధ్యలో పది సెకన్లు కదలకుండా ఉండి, ఏ మాటా చెప్పకుండా మాయమైంది. రూపవతి గడియారం చూసింది. తొమ్మిదిన్నర. తన దగ్గర పాట నేర్చుకున్న హోప్ పదిన్నరకు వస్తానంది. పాటలు రికార్డు చేసే ఈ సాఫ్ట్‌వేర్ తెరుచుకునే ముందు తన కింద పనిచేసే చిన్న ప్రోగ్రాములన్నింటినీ బడిలో హాజరు పిలిచినట్టు పిలిచి చూసుకుంటుంది. ప్లగిన్లంటారు వాటిని, ఒకటి గొంతుకు పెద్ద హాల్లో పాడినట్టు మోత ఇస్తుంది, ఒకటి గొంతులోని ఈల తగ్గిస్తుంది, ఒకటి వయొలిన్ అవుతుంది. నిన్న సాయంత్రం దాకా అరవై మూడూ పలికాయి, నిన్న సాయంత్రం ఆరుంబావుకు ఆమె కొత్త వెర్షన్‌కు అప్‌గ్రేడ్ నొక్కింది, ఇవాళ నలభై ఒకటోది పలకడం లేదు. పలకకపోతే పోనీ, మిగతావాళ్ళను పిలవొచ్చు కదా, ఒక పిల్ల రాలేదని బడి మూసేస్తారా. బ్రాంప్టన్‌లో తన ఇంటి కింది ఈ బేస్‌మెంట్‌కు పాడడానికి పద్నాలుగేళ్ళుగా వచ్చినవాళ్ళందరికీ ఆమె చెప్పింది ఒకటే, పని మధ్యలో అప్‌గ్రేడ్ చేయకూడదు, పాట పూర్తయ్యాకే, ఫైళ్ళు వేరే డిస్కులో దాచాకే. కిందటేడు వాంకూవర్ నుంచి ఒకావిడ ఇలాగే చేసి ఫోన్లో ఏడిస్తే ఇదే చెప్పింది, ఫోన్ పెట్టేశాక నవ్వుకుంది కూడా.

నిన్న మాత్రం నొక్కింది. ఎందుకు నొక్కిందో తెలుసు, తెలిసినా దాని వైపు చూడకుండా పక్కనుంచి పోతోంది. హోప్ పాట, చర్చిలో కీబోర్డు వాయించే డేవిడ్‌సన్ దగ్గర, కిచెనర్ ఊళ్ళో తయారైంది, దానికి రూపవతి హార్మోనియం చేర్చడానికి డేవిడ్‌సన్ ఆ ప్రాజెక్ట్ ఫైల్ పంపాడు, తెరవబోతే ఇది కొత్త వెర్షన్‌లో చేసింది, మీ దగ్గర తెరుచుకోదు అని తెర మీద ఒక వాక్యం వచ్చింది. ఇలాంటప్పుడు ఎవరైనా చేసేది ఒకటే, నా దగ్గర పాతది ఉంది, ట్రాకులు విడివిడిగా మామూలు ఆడియోగా పంపు అని అడగడం. అడిగితే రెండు నిమిషాల్లో పంపుతాడు. డేవిడ్‌సన్ ఎవరికైనా రెండు నిమిషాల్లో జవాబిస్తాడు, సంఘంలో అందరూ అదే మాట, ఆ అబ్బాయి వెంటనే రిప్లై ఇస్తాడండీ అని, ఇంతకాలం ఎవరూ ఎవరికీ జవాబే ఇవ్వనట్టు. రెండు నిమిషాల్లో పంపేవాడే, కానీ ఆ మెసేజ్ చదివేటప్పుడు పక్కన హోప్ ఉంటుంది, ఆంటీ ఇంకా పాతదే వాడుతున్నారంట అంటాడు, అనకపోవచ్చు, అన్నట్టు ఆమెకు వినిపించింది, ఏ శ్రుతిలో అంటాడో కూడా వినిపించింది. అందుకని అడగలేదు. నొక్కింది.

రాత్రి నిద్రపోయి లేచేసరికి అయిపోయి ఉంటుందనుకుంది. పొద్దున ఎనిమిదీ యాభైకి, మొదటిసారి ఆగిపోయిన ఐదు నిమిషాలకు, హోప్ మెసేజ్ పెట్టింది, ఆంటీ ఫైల్ ఓపెన్ అయిందా అని. రూపవతి టైప్ చేసింది, లేదమ్మా, డేవిడ్‌సన్ పంపిన ఫైల్ పాడైంది. పంపేసింది. పంపాక ఆ వాక్యాన్ని మళ్ళీ చదివింది. ఫైల్ దాకా సాఫ్ట్‌వేర్ వెళ్ళనే లేదు, గడప దాటకుండానే పడిపోయింది, ఫైల్ బాగుందో లేదో ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. అయినా ఆ వాక్యం వేళ్ళకు ఎలా వచ్చిందో చూస్తే దాని వెనక లెక్క ఉంది, ఆమె కూర్చుని వేసిన లెక్క కాదు, వేళ్ళే వేసుకున్నాయి. గుడ్ ఫ్రైడేకి పదమూడు రోజులే ఉన్నాయి. ఫైల్ పాడైతే హోప్ మళ్ళీ కిచెనర్ వెళ్ళి పాడే వ్యవధి లేదు. అప్పుడు ఇక్కడే పాడాలి, ఈ బొంతలు వేలాడదీసిన గోడ ముందు నిలబడి, ఈ మైకులో, ఎప్పటిలాగే ముందు రూపవతి పాడి రికార్డు చేసిన గైడ్‌ను హెడ్‌ఫోన్స్‌లో వింటూ, దాని వెనకే. పాట తిరిగి ఇంటికి వస్తుంది.

పాటలు ఏడు. గుడ్ ఫ్రైడే ఆరాధనలో సిలువ మీది ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు, ఒక్కో మాట తర్వాత ఒక్కో పాట, పద్నాలుగేళ్ళుగా ఆ ఏడు పాటలూ ఈ బేస్‌మెంట్‌లో రికార్డయి సంఘంలో అందరి ఫోన్లకూ వెళ్తున్నాయి. ఈ సంవత్సరం ఐదో మాట పాట హోప్ సొంతది, మాటలూ తనవే, రాగమూ తనదే. ఆ సంగతి రూపవతికి హోప్ చెప్పలేదు, హోప్ వాళ్ళమ్మ స్వీటీ చెప్పింది, ఆరాధనయ్యాక టీ కప్పులు సర్దుతూ, అక్కా మా పిల్ల పాట కట్టిందంట, నీకు వినిపించే ఉంటదిలే, డేవిడ్‌సన్ గారైతే ఏడ్చేశాడంట విని. రూపవతి కప్పులు ఒకదాన్లో ఒకటి పెడుతూ ఆఁ అంది. ఏడ్చేశాడంట. పదిహేడేళ్ళ కిందట ఇదే స్వీటీ ఏడేళ్ళ పిల్లను చెయ్యి పట్టుకుని తెచ్చి దీనికి ఒక్క తెలుగు పాట నేర్పక్కా అంది. అప్పుడు ఆ పిల్లకు ళ రాదు, ణ రాదు, ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని పాడేది. నాలుక ఎక్కడ మడవాలో రూపవతి తన నోరు తెరిచి చూపించింది. ఆ నోట్లోంచి వచ్చిన పాటకు కిచెనర్‌లో ఇంకొకడు ఏడ్చాడు. ఇక్కడికి పదిహేను నిమిషాలు, అక్కడికి గంట, గంట డ్రైవ్ చేసి వెళ్తోంది, మంచులో కూడా వెళ్ళింది.

ఇలా కూర్చుంటే కాదు. ఏ ప్లగిన్ దగ్గర ఆగుతోందో సాఫ్ట్‌వేర్ పేరు చెప్పదు, అంకె మాత్రం చూపిస్తుంది, ఫోల్డర్‌లో నలభై ఒకటోది లెక్కపెట్టి తీసి చూసింది, అది కాదు, దాని వరస వేరు దీని వరస వేరు. మిగిలింది సగాల పద్ధతి. సగం తీసి పక్కన పెట్టాలి, తెరవాలి. తెరుచుకుంటే దోషం తీసినవాటిలో ఉంది, తెరుచుకోకపోతే ఉంచినవాటిలో ఉంది. ఏ సగంలో ఉందో తెలిశాక దాన్ని మళ్ళీ సగం చేయాలి. ముప్పై రెండు, పదహారు, ఎనిమిది, నాలుగు, రెండు, ఒకటి. ఒక్కో విడతకు మూడు నాలుగు నిమిషాలు. ముప్పై రెండింటిని డెస్క్‌టాప్ మీదికి లాగి మళ్ళీ తెరిచింది. అంకె మొదలైంది. ఒకటి, రెండు, మూడు.

మెట్ల మీద చెప్పుల చప్పుడు, జ్ఞానప్రకాశం ప్లేటుతో దిగాడు. వారమంతా ట్రక్కు నడిపి శనివారం లుంగీ కట్టుకుని ఇల్లంతా తిరిగే మనిషి.

"ఇడ్లీ చల్లారిపోతంది."

"అక్కడ పెట్టండి."

"మన పెళ్ళి ఫొటో కూడా ఇంతసేపు చూళ్ళేదు నువ్వు, ఆ అంకె మారతందా లేదా అని చూస్తన్నావ్."

ఆమె నవ్వలేదు. ఆయన తెర వైపు వంగి చూశాడు. "డేవిడ్‌సన్‌ని అడక్కపోయావా? అతని చేతిలో ఏదో ఉంది రూపా, పట్టుకుంటే పనయిపోద్ది."

"మీరు పైకెళ్ళండి."

ఆయన వెళ్ళాడు. చేతిలో ఏదో ఉందంట. ఈయన ముప్పై ఏళ్ళుగా తన హార్మోనియం వింటున్నాడు, బాగుంది అన్నాడు, చాలాసార్లే అన్నాడు, చేతిలో ఏదో ఉంది అని ఎప్పుడూ అనలేదు. డేవిడ్‌సన్ రాజమండ్రి నుంచి వచ్చి ఆరేళ్ళయింది, మొదటి ఆదివారం కీబోర్డు దగ్గర నిలబడి ఆంటీ నేనూ వాయించొచ్చా అన్నాడు, వాయించమంది. ఆమె హార్మోనియం కింద అతను ఒక్క మెట్టు పక్కకు జరిగాడు, ఒక్క స్వరం, పాటలో లేనిది. బల్లల్లో తలలు ఇటు తిరిగాయి. ఆ పాట ఆమె ఆ చర్చిలో వందసార్లు వాయించి ఉంటుంది, అప్పుడు ఎవరూ తల తిప్పలేదు. ఆరాధనయ్యాక అతను వచ్చి వందనాలాంటీ, మీ వెనక వాయిస్తుంటే హాయిగా ఉంది అన్నాడు. వెనక.

అంకె ముప్పై ఒకటి దాకా వెళ్ళింది, సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. అంటే దోషం తీసిన ముప్పై రెండింటిలో ఉంది. తొమ్మిదీ నలభై. పదహారు తిరిగి పెట్టింది. మళ్ళీ మొదలు. అంకె పెరుగుతుంటే ఆమె కూడా లోపల అదే పని చేస్తోందని కాసేపటికి గానీ గమనించలేదు. హోప్ తన దగ్గర్నుంచి ఎప్పుడు పోయింది. కిందటి ఆగస్టు సంఘం పిక్నిక్‌లో తన పక్కనే కూర్చుని మామిడిపండు తింది, అప్పుడు ఉంది. ఇవాళ లేదు. ఆగస్టుకూ మార్చికీ మధ్య ఏడు నెలలు, సగం చేస్తే నవంబరు చివర. నవంబరు చివర క్రిస్మస్ పాటలకు వచ్చింది, నాలుగు రోజులు వచ్చింది, గొంతు బొంగురుపోతే అల్లం టీ ఇచ్చింది తను, అప్పుడు ఉంది. అంటే ఆ తర్వాత. పదహారూ పలికాయి, తెరుచుకుంది. అంటే మిగిలిన పదహారులో. ఎనిమిది పెట్టింది. డిసెంబరు, క్రిస్మస్ రాత్రి హోప్ తనకు శాలువా ఇచ్చింది, ఊదా రంగు శాలువా, డేవిడ్‌సన్‌కు ఏమిచ్చిందో అప్పుడు చూడలేదు, చూసి ఉండాల్సింది. అంకె ముప్పై తొమ్మిది, నలభై, ఆగిపోయింది. చతురస్రం నిలబడింది, మాయమైంది. ఎనిమిదింటిలో ఉంది. సగం తీసింది, నాలుగు, తెరుచుకోలేదు, మిగిలిన నాలుగింటిలో ఉంది. ఫిబ్రవరిలో స్వీటీ టీ కప్పుల దగ్గర ఆ మాట చెప్పింది, అప్పటికే లేదు. డిసెంబరులో ఉంది, ఫిబ్రవరిలో లేదు. జనవరి.

జనవరిలో ఏం జరిగింది. ఏమీ జరగలేదు. జనవరిలో హోప్ ఒక్కసారే వచ్చింది, పాస్టర్‌గారి అమ్మాయి పెళ్ళికి పాట, పాతదే, అందరికీ తెలిసిందే, గంటలో అయిపోయింది. ఆ రోజు చలి, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నెస్ ఆపితే గాని రికార్డింగ్ కుదరదు, దాని హోరు మైకులోకి వస్తుంది, అందుకని పైన జ్ఞానప్రకాశం ఆపేశాడు, అరగంటకే బేస్‌మెంట్ చల్లబడింది, హోప్ కోటు వేసుకునే పాడింది. రెండో చరణం చివర గొంతును కొంచెం పైకి తీసుకెళ్ళి, అక్కడ ఆగి, మెలి తిప్పి దించింది. ఆ సంగతి గైడ్‌లో లేదు. పాటలోనూ లేదు. రూపవతి ఆపింది, తప్పు వస్తే ఆపడం ఆమె పద్ధతి, ముందుకు పోనివ్వదు. మైకు బటన్ నొక్కి హెడ్‌ఫోన్స్‌లోకి చెప్పింది, అది వద్దమ్మా, పాటలో లేదు. హోప్ ఓకే ఆంటీ అంది. మళ్ళీ పాడింది, గైడ్‌లో ఉన్నట్టే పాడింది, ఒక్క తప్పు లేదు. అంతే. ఏమీ జరగలేదు. నాలుగింటిలో రెండు తీసింది. తెరుచుకోలేదు. ఆ రెండింటిలో ఒకటి తీసింది. తెరుచుకుంది. చేతిలో మిగిలింది గొంతుకు హాలు మోత ఇచ్చే ప్లగిన్, ఆమె దగ్గరున్నవాటిలో అన్నిటికంటే పాతది, ఈ బేస్‌మెంట్‌లో హోప్ పాడిన ప్రతి పాట మీదా ఆమె వేసింది, ప్రతిసారీ అంతే వేసింది, ఎక్కువా కాదు తక్కువా కాదు.

పదీ రెండు. అది లేకుండా అరవై రెండింటితో సాఫ్ట్‌వేర్ తెరుచుకుని ఎదురుగా కూర్చుంది. డేవిడ్‌సన్ ప్రాజెక్ట్ మీద రెండుసార్లు నొక్కింది. పాడై ఉండొచ్చు ఇంకా. పాడై ఉంటే పొద్దున పంపిన వాక్యం అబద్ధం కాకుండా పోతుంది, ఆరు సెకన్లు ఆమె అదే కోరుకుంది, ప్రార్థనలో అడగరాని రకం కోరిక. ఏడో సెకనుకు తెరుచుకుంది. ముప్పై ఎనిమిది ట్రాకులు. ఒక్కటీ పోలేదు. రంగుల వరసలో ఉన్నాయి, తబలాలు ఒక రంగు, వయొలిన్లు ఒక రంగు, అన్నిటికీ పేర్లు ఉన్నాయి. ఆమె ట్రాకులకు పేర్లు పెట్టదు, ఏది ఏదో ఆమెకు తెలుసు, ఇంకెవరికి తెలియాలి అనుకునేది. మధ్యలో ఒక ట్రాకు ఖాళీగా ఉంది, రూపవతి ఆంటీ హార్మోనియం అని ఉంది. పాట మధ్యలో ఎనిమిది బార్ల మేర, ఎనిమిది ఆవర్తాల పాటు, మిగతా వాద్యాలన్నీ ఆగిపోయి ఉన్నాయి. ఆ ఎనిమిదీ ఆమెకు.

హోప్ గొంతు ఉన్న ట్రాకు ఒక్కటే మోగేట్టు పెట్టి, మిగతావన్నీ ఆపింది. డేవిడ్‌సన్ ఆ గొంతు మీద వేసిన ప్లగిన్లు ఆమె దగ్గర లేవు, కాబట్టి ఏ మోతా లేదు, ఏ సవరణా లేదు, గొంతు వచ్చింది వచ్చినట్టే ఉంటుంది. అందుకే వినాలనుకుంది. శ్రుతి తప్పుంటే కనబడుతుంది, సవరించి ఉంటాడు, ఇప్పటివాళ్ళంతా సవరించేవాళ్ళే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్ళు మూసుకుంది. మొదటి లైను. రెండో లైను. శ్రుతి తప్పలేదు. ళ సరిగ్గా ఉంది, ణ సరిగ్గా ఉంది, ఆ రెండూ తనవి, వాటిని గుర్తుపట్టింది, గుర్తుపట్టి పట్టుకుంది, ఇవి నావి, ఇవి నేనిచ్చినవి, కిచెనర్‌లో ఇవి దొరకవు. లైనుకూ లైనుకూ మధ్య ఊపిరి వినిపిస్తోంది, అతను కోయలేదు, తనైతే ప్రతి ఊపిరీ కోసేసేది. రెండో చరణం చివర గొంతు పైకి వెళ్ళింది, ఆగింది, మెలి తిరిగి దిగింది. జనవరిది. అదే. అప్పుడు సగంలో ఆపింది కాబట్టి పూర్తిగా ఎలా ఉంటుందో వినలేదు. ఇప్పుడు పూర్తిగా ఉంది. రూపవతి వెనక్కి జరిపి మళ్ళీ విన్నది. మళ్ళీ విన్నది. ఆ పిల్లకు ఇది ఎవరు నేర్పారు, ఎవరూ నేర్పలేదు, అదే కడుపు మండేది, అతను నేర్పి ఉంటే అతన్ని తిట్టుకోవచ్చు. అతను చేసిందల్లా ఆపకపోవడం.

అప్పుడు చేసిన పని చేసేముందు ఆమె పైకి చూసింది, మెట్ల వైపు, ఎవరైనా వస్తున్నారా అని. రికార్డు చేసేటప్పుడు మైకు పాటకంటే ముందే మొదలవుతుంది, పాటయ్యాక గాని ఆగదు, పాట కానిదాన్ని కత్తిరించి దాచేస్తారు. కత్తిరించింది పోదు. తెర మీద ఆ గొంతు ముక్క అంచును పట్టుకుని ఎడమవైపు లాగితే, దాచింది మళ్ళీ బయటికి వస్తుంది. ఈ పని చేసేవాళ్ళందరికీ తెలుసు, చేయకూడదనీ తెలుసు, ఇంకొకరి ఉత్తరం విప్పినట్టు. రూపవతి లాగింది. నలభై సెకన్లు బయటపడ్డాయి. తన గురించి ఏమంటారో వినాలి. ఏదో అనే ఉంటారు.

కుర్చీ కిర్రుమంది. మంచినీళ్ళు తాగిన చప్పుడు. డేవిడ్‌సన్ గొంతు దూరం నుంచి, గైడ్ పాడనా అన్నాడు. హోప్ దగ్గర నుంచి అంది, "నో, గైడ్ వద్దు. గైడ్ ఉంటే నేను రూపవతి ఆంటీలాగా పాడేస్తా."

"పాడితే ఏంటంట? ఆవిడకంటే బాగా పాడేవాళ్ళున్నారా ఇక్కడ."

"లేరు. బట్ ఇది నా పాట కదా."

అతను చిన్నగా నవ్వి, తాళం క్లిక్ ఇస్తున్నా అన్నాడు. నాలుగు లెక్కలు. పాట.

అంతే. ఇంకేమీ లేదు. ఆమెను తిట్టలేదు, ఎగతాళి చేయలేదు, పాతది వాడుతుందనలేదు. అన్నా బాగుండేది. రూపవతి హెడ్‌ఫోన్స్ తీసింది. బయట తూములోకి మంచు కరిగి కారుతున్న చప్పుడు, రికార్డు చేసేటప్పుడు ఇది వస్తుందేమో, బొంత ఒకటి కిటికీకి కట్టాలి. నా పాట కదా అంది. పాట కట్టేవాళ్ళు ఆ మాట అంటారు. రూపవతి యాభై రెండేళ్ళలో ఎన్నిసార్లు అంది ఆ మాట. లెక్కపెట్టబోయి మానేసింది. వారంలో ఐదు రోజులు పంటి డాక్టరు ఆఫీసులో ఫోన్లెత్తి, మిగతా రెండు రోజులు ఇతరుల పాటలకు మోత వేసింది. ఆ పిల్లకు ఇరవై నాలుగు. ఇంతసేపూ కారణం డేవిడ్‌సన్ అనుకుంది. ఆ మండేది అతని మీదే అనుకుంది.

ఫోన్ మోగింది. పదీ పదిహేడు. డేవిడ్‌సన్. ఎత్తకూడదనుకుంటూ ఎత్తింది.

"వందనాలాంటీ. ఫైల్ పాడైందని హోప్ చెప్పింది. సారీ ఆంటీ, మళ్ళీ రెండుసార్లు అప్‌లోడ్ చేశా, చూశారా?"

"లేదు బాబూ, చూళ్ళేదు."

"నా డిస్కే పోతందేమోనని డౌటొచ్చింది. తొమ్మిదింటి నుంచీ పాటలన్నీ ఒక్కోటి తెరిచి చూసుకుంటన్నా. రెండు వందలున్నాయి, ఎనభై అయినయ్యి."

"నీ దగ్గర అది తెరుచుకుంటందా?"

"నా దగ్గర బానే తెరుచుకుంటంది. కానీ మీరు పాడైందన్నారంటే ఏదో ఉంటది కదా ఆంటీ."

రూపవతి కుర్చీలో ముందుకు జరిగింది. ఎదురుగా అతని ముప్పై ఎనిమిది ట్రాకులు ఉన్నాయి. తన కళ్ళతో చూస్తున్న ఫైలును నమ్మకుండా ఆమె మాట నమ్మి ఇంకో నూట ఇరవై పాటలు తెరిచి చూడబోతున్నాడు. ఇది కూడా ఉందా ఇతని దగ్గర. ఈ గుణం కూడానా. దీని మీద కూడా ఈర్ష్య పుట్టింది, పుట్టిందని తెలిసింది, నోరు మాత్రం దాన్ని దాటి తెరుచుకుంది.

"డేవిడ్‌సన్, చూడ్డం ఆపెయ్. నీ డిస్క్‌కేం కాలేదు. ఫైల్ బానే ఉంది. నేను నిన్న అప్‌గ్రేడ్ చేశా, నాది పడిపోయింది."

"మీరా? పని మధ్యలోనా?"

"ఆఁ."

"ఏ ప్లగిన్ దగ్గర పడిందాంటీ?"

చెప్పింది.

"అదా. అది చేసినాయన కంపెనీ మూసేశాడుగా. మీ పాటల్లో విని నేనూ అదే కొనుక్కున్నా ఆంటీ, వచ్చిన కొత్తలో. తీసేసి చూడండి, తెరుచుకుంటది."

"తీశా. తెరుచుకుంది."

"మరింకేం. హోప్‌కి చెప్పేయనా?"

"వద్దు. నేను చెప్తా."

ఎలా చెప్పాలో అనుకునే లోపే పైన తలుపు చప్పుడైంది. హోప్ ఇవాళ ఐదు నిమిషాలు ముందే వచ్చింది. బూట్లు విప్పుతున్న చప్పుడు, అంకుల్ హౌ ఆర్ యూ, ఇడ్లీ తింటావామ్మా, లేటర్ అంకుల్, జ్ఞానప్రకాశం నవ్వు. రూపవతి లేచి హార్మోనియం బొంతల దగ్గరికి లాగింది, మైకు దించింది, కిటికీకి బొంత కట్టింది. చేతులకు పని ఉంటే మాట దానంతట అదే వస్తుందనుకుంది. ఏవండీ ఫర్నెస్ అని పైకి కేక వేసింది. హోరు ఆగింది. హోప్ మెట్లు దిగి, బుగ్గ మీద బుగ్గ ఆనించి, చల్లగా, వాయించేది మీరు కదా ఆంటీ, రికార్డ్ నేను నొక్కుతా అంటూ వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది. పద్నాలుగేళ్ళలో ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చోలేదు. రూపవతి హార్మోనియం ముందు కూర్చుని గాలితిత్తి తెరుస్తూ తలెత్తింది. హోప్ తెర వైపు చూస్తోంది. మౌస్ కదపడం లేదు. అప్పుడు గుర్తొచ్చింది, ఆ అంచు లాగినది లాగినట్టే ఉంది, పాట మొదలుకు ముందు నలభై సెకన్లు, తెర మీద, ఈ పని తెలిసిన ఎవరైనా ఒక్క చూపులో చదివేట్టు.

"విన్నారా?" హోప్ అటు తిరిగే అంది.

"విన్నా."

"మొత్తం?"

"మొత్తం." తర్వాతది ఆగకుండా చెప్పింది, ఆగితే రాదు. "ఫైల్ పాడవలేదమ్మా. పాడైంది నాది. డేవిడ్‌సన్ ఫైల్ పాడైందని పొద్దున నీకు అబద్ధం చెప్పా."

హోప్ ఇప్పుడు తిరిగింది. "వై?"

"పాడైతే మళ్ళీ ఇక్కడ పాడతావని."

ఆ పిల్ల ముఖంలోకి చూడాలని రూపవతి అనుకుంది, చూసింది. కోపం కోసం చూసింది, జాలి కోసం చూసింది. హోప్ కాసేపు మాటలు వెతుక్కుంది, తెలుగులోనే వెతుక్కుంది.

"మీరు అడిగినా ఇక్కడ పాడేదాన్ని కాదు ఆంటీ. ఈ పాట కాదు. వేరేవి పాడతా. క్రిస్మస్‌వి, పెళ్ళివి, ఏవైనా వచ్చి పాడతా. ఇది కాదు."

"సరే."

"ఆర్ యూ మ్యాడ్ ఎట్ మీ?"

"ఆఁ," అంది రూపవతి. "కొంచెం. ఇవాళ్టిది కాదులే."

హోప్ తెర వైపు తిరిగింది. మౌస్‌తో ఆ అంచు పట్టుకుని కుడివైపు జరిపింది, పాట మొదలయ్యే చోట ఆపింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి అని చేత్తో చూపించింది. క్లిక్ నాలుగు లెక్కలు పెట్టింది, రూపవతి చెవుల్లోకి పాట వచ్చింది, హోప్ గొంతు ఒక లైను పాడి తప్పుకుంది, ఆ ఖాళీలోకి ఆమె వాయించింది. ఒకటో బారు, రెండో బారు. మూడో బారులో వేలు జారి పక్క మెట్టు మీద పడింది. ఆమె చెయ్యి అక్కడే ఆగబోయింది, ఆ పిల్ల ఆపుతుందని తలెత్తి చూసింది. హోప్ ఇటు చూడలేదు. ఒక చెయ్యి బల్ల మీద తాళం వేస్తోంది, తెర మీద గీత ముందుకు పోతోంది. రూపవతి తల దించి, నాలుగోది వాయించింది, ఐదోది వాయించింది.